ఎడమ చేతి మరక

వాల్డెన్‌రోడా రాజ్యం ఎంత చిన్నదంటే, కోట బురుజు మీద ఒకరు తుమ్మితే పొరుగు రాజ్యంలో చిరంజీవ అంటారని మా ఊళ్ళో నవ్వుకునేవాళ్ళు. అంత చిన్న రాజ్యానికి ఐదుగురు రాజకుమార్తెలు. ఆ ఐదుగురికీ అక్షరాలు దిద్దించింది మాల్వీన జైడ్లర్. ఊరి చర్చిలో ఆర్గన్ వాయించే ఆయన కూతురు. తండ్రి పోయాక ఇరవై రెండో ఏట కోటలో అడుగుపెట్టింది, మళ్ళీ బయట బతుకు ఎలా ఉంటుందో ఎరగదు. వంటశాల మెట్ల పైన ఒక గది, ఒక ఇనుప పొయ్యి, కిటికీలో ఎర్ర పూల కుండీ. అందరూ ఆమెను జైడ్లరమ్మ అనేవాళ్ళు.

ఆమె దస్తూరి గురించి చెప్పాలి. కుదురుగా, కాస్త కుడికి ఒరిగి, మొదటి పంక్తిలో ఎలా ఉందో ఆఖరి పంక్తిలోనూ అలాగే ఉండేది. ఆ పిల్లల తల్లి డచెస్‌గారికి వేళ్ళు వాతంతో కొంకర్లు పోయినప్పటి నుంచి ఆమె ఉత్తరాలు కూడా జైడ్లరమ్మే రాసేది. కళ్ళు మసకబారాక వచ్చినవి చదివి వినిపించేది కూడా ఆమే. కోటలో ఆమెకు తెలియని రహస్యం లేదు, ఒక్కదాని మీదా ఆమె మాట చెల్లదు.

పెద్ద రాజకుమార్తె తెక్లాది పుట్టుకతో ఎడమచేతి వాటం. ఆరేళ్ళప్పుడు ఎడమచేత్తో కలం పట్టుకుంటే డచెస్ చూసి, ఈ వంశంలో ఎడమచేత్తో సంతకం పెట్టినవాళ్ళు లేరని తేల్చేసింది. ఆ చేతిని నీలం రిబ్బనుతో కుర్చీకి కట్టే పని జైడ్లరమ్మ మీద పడింది. పిల్ల ఏడ్చేది. ఈవిడకూ కళ్ళలో నీళ్ళు తిరిగేవి. అయినా కట్టేది. ముడి వదులుగా వేసి, వెనక నిలబడి, పిల్ల కుడిచేతి మీద తన చెయ్యి వేసి రాయించేది. నాలుగేళ్ళు అలా రాయించేసరికి పిల్ల అక్షరం అచ్చం జైడ్లరమ్మ అక్షరం అయి కూర్చుంది. ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెడితే కన్నతల్లి కూడా పోల్చలేకపోయేది.

ఎవరూ చూడనప్పుడు మాత్రం తెక్లా ఎడమచేత్తోనే రాసుకునేది. అప్పుడూ అక్షరం అదే. కాకపోతే తడి సిరా మీద చొక్కా చేతి అంచు ఈడ్చుకుపోయి పంక్తి పొడవునా మరక. ఆ సంగతి ఇంట్లో ఎవరికి తెలియకపోయినా బట్టలుతికే రోజీనకు తెలిసేది.

“ఏమమ్మా జైడ్లరమ్మా, నీ శిష్యురాలు మళ్ళీ ఎడమచెయ్యి ఆడించింది. ఈ అంచు చూడు, బొగ్గులబస్తా అనుకోవాలి. నిమ్మరసం అయిపోయింది, పాలల్లో నానబెట్టినా వదలట్లేదు,” అని గొణిగేది రోజీన.

“నెమ్మదిగా అనవే, అమ్మగారు వింటారు.”

“నేను చెప్తానా? నా చేతులు నొప్పెట్టినా చెప్పను,” అనేది రోజీన, మళ్ళీ రుద్దుకుంటూ.

తెక్లాకు పందొమ్మిది నిండగానే మేనత్తల పని మొదలైంది. రాజుల ఇళ్ళలో పెళ్ళిళ్ళు రాజులు కుదురుస్తారనుకునేవాళ్ళు అమాయకులు. కుదిర్చేది అత్తలు. ఏటా అచ్చయ్యే రాజవంశాల జాబితా పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, ఎవరి పిల్లకు ఎన్నేళ్ళు, ఎవరి పెళ్ళాం ఎప్పుడు పోయింది, ఎవరిది మన మతం, ఎవరి తాత పిచ్చెక్కి పోయాడు అని లెక్కలు తీస్తూ, ఒకరికొకరు ఎనిమిదేసి పేజీలు రాసుకుంటారు. పెళ్ళిళ్ళ పేరయ్యలు వీళ్ళ ముందు దిగదుడుపు. అలా రాసుకోగా రాసుకోగా ఉత్తరాన సముద్రం ఒడ్డున ఉన్న గ్రాబెనౌ రాజ్యపు వారసుడు ఎబెర్‌హార్డ్ పేరు తేలింది. నలభై ఒకటో ఏడు. భార్య పోయి పద్నాలుగు నెలలు. ముగ్గురు పిల్లలు.

వరుడి తల్లి, ముసలి గ్రాండ్ డచెస్, ఫోటో వద్దంది. ఫోటోగ్రాఫరు గూని కూడా కప్పేస్తాడు, పిల్ల తన చేత్తో రాసిన మూడు ఉత్తరాలు పంపండి, అక్షరంలో గుణం తెలుస్తుంది అని రాసింది. తెక్లా రాసిన కాగితాలు చూస్తే ఎటు చూసినా మరకలు.

“వీటిని శుభ్రంగా ఎత్తి రాయి జైడ్లరమ్మా. నీ అక్షరమూ దాని అక్షరమూ ఒకటేగా,” అంది డచెస్. అందులో తప్పేముందనిపించింది జైడ్లరమ్మకు. పిల్ల రాసిన మాటలే కదా. ఎత్తి రాసింది. ఇంత స్థిరమైన చెయ్యి ఈ తరంలో చూడలేదని గ్రాబెనౌ నుంచి జవాబు వచ్చింది. ఆ మెప్పుకు జైడ్లరమ్మ లోలోపల మురిసిపోయిందని కూడా చెప్పాలి. దాచడమెందుకు.

వేసవిలో పిల్లనూ పిల్లాడినీ గొప్పవాళ్ళు ఆరోగ్యం కోసం ఊటనీళ్ళ స్నానాలకు వచ్చే ఒక ఊళ్ళో కలిపారు. వరుడు రెండు గంటలు తన కుక్కల గురించీ, మొదటి భార్య జబ్బు గురించీ చెప్పాడు. మధ్యలో తెక్లాను రెండుసార్లు ఆ చనిపోయినావిడ పేరుతో పిలిచాడు. ఇంటికి రాగానే తెక్లా తల్లితో వల్లకాదంది.

“చెడ్డవాడని అనట్లేదమ్మా. ఆయనకు కావలసింది నేను కాదు. ఆ కుర్చీ ఖాళీగా ఉంది, కూర్చోడానికి ఒక మనిషి కావాలి.”

“అందరమూ ఏదో ఒక కుర్చీలో కూర్చున్నవాళ్ళమే. నీ వెనక నలుగురున్నారు. నువ్వు కదిలితేగానీ వాళ్ళు కదలరు,” అంది డచెస్.

గ్రాబెనౌ ఇంటి ఆచారం ఒకటుంది. పెళ్ళికూతురు తన చేత్తో సమ్మతి రాసి పంపితే తప్ప నిశ్చితార్థం ప్రకటించరు. తల్లిదండ్రుల మాట చాలదు. ఎప్పుడో ఒక పిల్ల పీటల దాకా వచ్చి కాదందట, అప్పటి నుంచి ఈ కట్టడి. తెక్లాకు ఉన్న బలమంతా అదే. నాలుగు రోజులు కలం ముట్టుకోలేదు. అన్నం మానలేదు, ఏడవలేదు, తలుపు వేసుకోలేదు. భోజనాల బల్ల దగ్గర బంగాళాదుంపల ఉండలు రెండు వేయించుకుని తింటూ, రాయనమ్మా అని మామూలుగా చెప్పేది.

ఐదో రోజు పొద్దున డచెస్ జైడ్లరమ్మను పిలిచి తలుపు వేయించింది. బల్ల మీద కాగితం సిద్ధంగా ఉంది.

“కూర్చో. రాయి. ‘ప్రియమైన ఎబెర్‌హార్డ్...’”

జైడ్లరమ్మకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. “అమ్మగారూ, ఇది చిన్నమ్మగారు రాయాల్సింది కదండీ.”

“అది రాస్తే నిన్నెందుకు పిలుస్తాను?”

“వద్దమ్మగారూ. ఇంకేదైనా చెప్పండి చేస్తాను. ఇది మాత్రం...”

“చూడు జైడ్లరమ్మా,” డచెస్ గొంతు పెంచలేదు. ఆమె ఎప్పుడూ పెంచదు. “నా సమ్మతి మా అమ్మ రాసింది. నాకు చెప్పనైనా చెప్పలేదు. నేను చచ్చిపోయానా? పిల్లల్ని కన్నాను, పెంచాను, ఇలా ముసలిదాన్నయ్యాను. ఇవాళ ఇది ఏడుస్తుంది, పదేళ్ళ తర్వాత నీ చేతికి ముద్దు పెడుతుంది. నువ్వు రాయనంటే గుమాస్తా చేత రాయిస్తాను. వాడి అక్షరం దొరికిపోతుంది, పరువు పోయేది దానిదే. అప్పుడు ఎవరు చేసుకుంటారు?”

జైడ్లరమ్మ నిలబడి చూసింది. నలభై ఏడేళ్ళు వచ్చాయి. పాతికేళ్ళుగా ఈ గోడల మధ్య ఉంది. కాదని ఎలా అంటారో ఆమె ఎప్పుడూ నేర్చుకోలేదు. తెక్లాను చూసి నేర్చుకోవలసింది, కానీ గురువులు శిష్యుల దగ్గర నేర్చుకోరు. కూర్చుంది. రాసింది. చెయ్యి వణకలేదు. అదే ఆమెను తర్వాత ఎక్కువ బాధపెట్టింది.

వారానికి టెలిగ్రాం వచ్చింది. తెక్లా దాన్ని పట్టుకుని తిన్నగా వంటశాల మెట్లెక్కింది. జైడ్లరమ్మ పొయ్యి మీద కాఫీ పెట్టుకుంటోంది.

“ఎబెర్‌హార్డ్‌గారు నాకు కృతజ్ఞతలు చెప్తున్నారు. ఏం రాశాను మాలీ నేను? చదివి వినిపించు,” అంది తెక్లా. చిన్నప్పటి నుంచి ఆమెను మాలీ అనే పిలిచేది.

“తల్లీ...”

“నీకు కంఠతా వచ్చే ఉంటుంది. నువ్వు రాసిందేదీ మర్చిపోవు.”

తప్పించుకునే దారి లేదు. జైడ్లరమ్మ గోడ వైపు చూస్తూ చెప్పింది. “ప్రియమైన ఎబెర్‌హార్డ్, మీ తల్లిగారి దయగల ఉత్తరం చదివాక నా మనసు నెమ్మదించింది. ఇది దైవ సంకల్పమని నమ్మి, సంతోషంగా నా చెయ్యి మీ చేతిలో పెడుతున్నాను.”

“నా చెయ్యి,” అంది తెక్లా. “ఆ మాట నీదా, అమ్మదా?”

“అమ్మగారిదే.”

“ఏం లే. చెయ్యి కట్టెయ్యడం నీకు అలవాటే కదా.”

జైడ్లరమ్మ మోకాళ్ళ మీద పడిపోయింది. “అందరికీ చెప్పెయ్యి తల్లీ. నేను రాశానని చెప్పు. నన్ను వెళ్ళగొడితే వెళ్ళిపోతాను.”

“చెప్తే అమ్మ అబద్ధాలకోరని ఊరూరా పాకుతుంది. ఆ నలుగురినీ గుమ్మం కూడా ఎవరూ ఎక్కనివ్వరు. చిన్నదానికి ఇంకా తొమ్మిదేళ్ళే మాలీ.” తెక్లా ఆమెను లేవదీసి కుర్చీలో కూర్చోబెట్టింది. పొంగిపోతున్న కాఫీని దించింది కూడా ఆ పిల్లే. “బాగానే రాశాను. నేను కూడా అంత బాగా రాయలేను,” అని వెళ్ళిపోయింది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ పెళ్ళి అలా జరిగింది. స్టేషన్లో బ్యాండు వాయించారు, స్కూలు పిల్లలు జెండాలూపారు. రైలెక్కే ముందు తెక్లా వరసలో అందరికీ ముద్దులు పెట్టి, చివరన జైడ్లరమ్మ చెవిలో అంది, “అక్కడ ఎడమచేత్తోనే రాస్తాను. కట్టడానికి నువ్వుండవుగా.”

“రాయి తల్లీ. ఎన్ని మరకలైనా చేసుకో,” అంది జైడ్లరమ్మ. క్షమించిందనుకుంది. క్షమించిందో లేదో ఈనాటికీ తెలియదు.

రాజుల ఇళ్ళలో తల్లీకూతుళ్ళు ఉత్తరాలకు నంబర్లు వేసుకుంటారు, దారిలో ఒకటి మాయమైతే తెలియాలని. తెక్లా మొదటి నంబరు పదో రోజుకే వచ్చింది. పంక్తి పొడవునా మరక. డచెస్‌కు కళ్ళు కనిపించవు కాబట్టి గొడవ లేదు. చదువుతుంటే జైడ్లరమ్మకు ఆ పిల్ల ఎదురుగా కూర్చున్నట్టే ఉండేది. ఇక్కడ గాలి అడక్కుండానే లోపలికి వస్తుంది, మూడు పూటలా చేపలే, పొద్దున కాఫీ కూడా చేప వాసనే. ఆయన నన్ను ఇంకా ఆవిడ పేరుతోనే పిలుస్తున్నారు, పలకడం అలవాటు చేసుకుంటున్నాను. చిన్న పిల్లాడు నా పెట్టెలో నిద్రపోయాడు. డచెస్ నవ్వేది. జైడ్లరమ్మ మరకల మీద వేలు పెట్టి చూసేది.

తొమ్మిదో నంబరు పొట్టిగా ఉంది. అత్తగారు నా ఉత్తరాలు పంపేముందు చూస్తారట. మరకలు చూసి, పెళ్ళికి ముందు రాసిన అక్షరం ఏమైంది, మోసం చేశారా అని అడిగారు. రేపటి నుంచి ఒకావిడ నా పక్కన కూర్చుంటుందట. అంతే. అక్కడితో ఆపేసింది.

తర్వాత మూడు వారాలు ఏమీ రాలేదు. వచ్చిన పదో నంబరు తళతళలాడుతోంది. ఒక్క మరక లేదు. నేను క్షేమం, మీ క్షేమం కోరుతున్నాను, సముద్రపు గాలి ఒంటికి పడింది, పిల్లలు నన్ను అమ్మా అంటున్నారు. నాలుగు పేజీలూ అదే ధోరణి. చదవడం పూర్తిచేసి జైడ్లరమ్మ కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. అవి తన అక్షరాలే. ఎవత్తో గానీ, పెళ్ళికి ముందు తాను ఎత్తి రాసిన ఉత్తరాలు చూసి దిద్దుకున్న పనిమంతురాలు. కానీ తెక్లా కుడిచేత్తో రాసినా పేజీ చివరికొచ్చేసరికి విసుగొచ్చి పంక్తులు కిందికి జారిపోతాయి. ఇక్కడ ఆఖరి పంక్తి కూడా తాడు కట్టి గీసినట్టుంది. 

పదకొండు, పన్నెండు కూడా అంతే. పన్నెండోది చదివాక ఇక ఆగలేకపోయింది.

“అమ్మగారూ, ఇవి చిన్నమ్మగారు రాసినవి కావండీ.”

“అక్షరం మారిందా?”

“లేదండీ. మారలేదు. అదే భయం. ఆ అమ్మకు ఒంట్లో బాగాలేదో, కలం ఇవ్వట్లేదో, రాయనని కూర్చుందో. రాయకూడదనుకుంటే రాయదు కదండీ. ఎవరినైనా పంపి చూసి రమ్మనండి. లేకపోతే గ్రాండ్ డచెస్‌గారినే అడగండి.”

 డచెస్ కొంకర్లు పోయిన వేళ్ళను ఒళ్ళో సర్దుకుంది. ముఖం ఒక్కసారిగా ముసలిదైపోయింది.

“ఏమని అడగను జైడ్లరమ్మా? నా కూతురి ఉత్తరాలు ఎవరు రాస్తున్నారని అడిగితే, మాకు వచ్చిన సమ్మతి ఎవరు రాశారని ఆవిడ అడుగుతుంది. అప్పుడేం చెప్పను?”

 తవ్విన గొయ్యి ఇద్దరిదీ.

“ఉత్తరం వస్తోంది. బతికుందన్నమాట. అంతవరకు చాలనుకో,” అంది డచెస్.  ఆవిడను రాయి అనుకునేవాళ్ళు ఆ పూట చూసి ఉండాల్సింది. కూతురి మీద ప్రేమ లేకపోలేదు, అడిగే నోరు లేదు.

జైడ్లరమ్మ ఊరుకోలేకపోయింది. జీవితంలో మొదటిసారి, డచెస్ చెప్పని మాట ఒకటి ఉత్తరంలో చేర్చింది. వాతావరణం గురించీ చెల్లెళ్ళ చదువుల గురించీ అయ్యాక, చివర్లో ఒక పంక్తి. “నీ ఉత్తరాల్లో ఒకప్పటి మరకలు లేక మాకు ఏదోలా ఉంది తల్లీ. పంక్తి పొడవునా నీ చొక్కా చెయ్యి కనిపించేది. ఒక్కసారి అలా రాసి పంపు.” తెక్లా చూస్తే అర్థం చేసుకుంటుంది. కలం చేతికివ్వకపోయినా తల్లి ఉత్తరం చూపించకుండా ఉంటారా అనుకుంది. ఎలాగోలా ఒక్క పంక్తి ఎడమచేత్తో రాస్తుంది. ఒక్క పంక్తి చాలు.

పదమూడో నంబరు వచ్చిన రోజు కోటలో బాతులు కోస్తున్నారు, ఎక్కడ చూసినా ఈకలు. జైడ్లరమ్మ కవరు చింపింది. రెండో పేజీ అడుగున నల్లగా మరక.

ఆమె చదవడం మర్చిపోయింది. ఏమైందని డచెస్ అడిగితే, మరకండీ, మరకండీ అని మాత్రం అనగలిగింది. డచెస్ కూడా చేతులు చాపి ఆ కాగితాన్ని తడిమి, కనపడకపోయినా కళ్ళ దగ్గర పెట్టుకుంది. ఆ తర్వాత అత్తలకు పంపడానికి నకలు తీయమని ఉత్తరం ఆమెకిచ్చింది. జైడ్లరమ్మ నకలు మాట పక్కన పెట్టి, యాభైకి దగ్గరపడుతున్న మనిషి, పెరట్లో ఈకల మధ్య పరుగెత్తి బట్టల గదికి వెళ్ళింది.

“రోజీనా, చూడవే! రాసింది! మన పిల్ల రాసింది!”

రోజీన చేతులు తుడుచుకుని కాగితాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళింది. ముప్పై ఏళ్ళుగా మరకలతోనే కాపురం చేసిన మనిషి. అటు తిప్పింది, ఇటు తిప్పింది. ముఖంలో నవ్వు పోయింది.

“ఏమేవ్? అలా ఉన్నావేం?”

“జైడ్లరమ్మా, కోపం తెచ్చుకోకు. చొక్కా అంచు తగిలితే మరక పొడుగ్గా, ఎటు రాస్తే అటు సాగిపోతుంది. నేత గీతలు కూడా పడతాయి. ఎన్ని ఉతికాను నేను.” రోజీన బొటనవేలు ఆ నలుపు పక్కన పెట్టి చూపించింది. “ఇది గుండ్రంగా ఉంది. వేలిగీతలు చూడు. ఎవరో సిరాలో వేలు ముంచి అద్దారమ్మా.”

జైడ్లరమ్మ చూసింది. మిగతా అక్షరాలన్నీ పొడిగా, శుభ్రంగా, తాడు కట్టినట్టు ఉన్నాయి. అన్నీ రాసి, ఆరబెట్టి, చివరన పెట్టిన మరక. అక్కడ ఆ గదిలో తనలాంటిదే ఎవరో ఒకావిడ, పాపం, తల్లి ముచ్చటపడిందని తీర్చింది. ఆవిడకూ ఒక గదీ ఒక పొయ్యీ ఉండి ఉంటాయి. చెప్పినట్టు రాయడం తప్ప ఆవిడకు మాత్రం ఏం తెలుసు? పోల్చుకోవడానికి మిగిలిన ఒకే ఒక్క గుర్తును, ఎలా ఉంటుందో ఎక్కడ ఉంటుందో, జైడ్లరమ్మే రాసి పంపింది.

“పెద్దావిడకు చెప్తావా?” అంది రోజీన.

జైడ్లరమ్మ తల అడ్డంగా ఊపింది. తడి దుప్పట్ల మధ్య ఒక బుట్ట మీద కూర్చుని, ఆ కాగితం ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. రోజీన పక్కనే నిలబడింది.

ఆ సాయంత్రం డచెస్ కాఫీతో పాటు రేగుపళ్ళ కేకు తెప్పించుకుంది. నెలల తర్వాత ఆవిడ ఏదైనా అడిగి తినడం అదే మొదలు.

“చూశావా జైడ్లరమ్మా, ఊరికే హడలగొట్టావు. నా కూతురు ఏమీ మారలేదు. ఆ మరక లేకపోతే అది నా తెక్లాయే కాదు. కలం తీసుకో. ‘నా బంగారు తల్లీ, నీ మరక చూసి ప్రాణం లేచి వచ్చింది...’ రాశావా?”

“రాశానండీ,” అంది జైడ్లరమ్మ. చెయ్యి ఈసారీ వణకలేదు.

ఆ తర్వాత పదకొండేళ్ళు ఉత్తరాలు వచ్చాయి. ప్రతి ఉత్తరంలోనూ, రెండో పేజీ అడుగున, గుండ్రంగా ఒక మరక ఉండేది.